లష్కర్ బోనాలు, ఏడుపు డబ్బా, ఒక పోకర్ టోర్నీ

శుక్రవారం

గోదావరి జిల్లాల వాళ్ళకి హైదరాబాద్ లింగంపల్లిలో మొదలవుతుంది. గౌతమి ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్‌లో సగం ఖాళీ అయిపోతుంది, బేగంపేటలో ఇంకొంతమంది దిగుతారు. సాఫ్ట్‌వేర్ పిల్లలూ, వాళ్ళ కోసం ఆవకాయ డబ్బాలు మోసుకొచ్చే అమ్మానాన్నలూ మాత్రం ఆఖరిదాకా కూర్చుంటారు. ఈసారి నా సంచిలో ఆవకాయతో పాటు, నేను ఆడబోయే ఆడవాళ్ళ పోకర్ టోర్నీ కోసం కొత్త పేక కట్టలు కూడా ఉన్నాయి. అట్టవి కాదు, పూర్తి ప్లాస్టిక్‌వి. అట్ట ముక్కలకి ఒక పూట ఆడేసరికి మూలలు వంగుతాయి. వంగిన మూలని చూసి ఆ ముక్కేదో చెప్పేసే కళ్ళు ఆడవాళ్ళలో తక్కువేం లేవు.

దిగేసరికి ఆషాఢం ముసురు. పిన్ని వాళ్ళ ఇల్లు గచ్చిబౌలిలో, కాబట్టి ఆటో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ గేటు ముందు నుంచే వెళ్ళింది. ఆ గోడల వెనకే సి.ఆర్. రావు గారి పేరున గణిత, గణాంక శాస్త్రాల సంస్థ ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదువుకుని, 2023లో 102 ఏళ్ళ వయసులో గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి అందుకున్న మనిషి ఆయన. పేకాటకి వచ్చినదాన్ని, గుడి కంటే ముందు ఆ గేటుకే దండం పెట్టుకున్నాను.

"ఏమే, నిజంగా పేకాటకేనా వచ్చింది? చెల్లి సీమంతానికి రమ్మంటే సెలవు లేదన్నావు" అంది పిన్ని కాఫీ చేతికిస్తూ. బాబాయి మాత్రం పేపరు మడిచి పక్కన పెట్టేశాడు. ఇంట్లో పేకాట గురించి మాట్లాడే మనిషి దొరికి ఎన్నాళ్ళయిందో పాపం.

"పోకరంటే మన మూడు ముక్కలాటేగా?"

"కాదు బాబాయ్. మనిషికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. బల్ల మధ్యలో అందరికీ కలిపి ఐదు తెరుస్తారు. మొదట మూడు, అది ఫ్లాప్. తర్వాత ఒకటి, టర్న్. ఆఖరిది రివర్. ఏడింట్లోంచి మంచి ఐదు ఎవరికి కుదిరితే ఆట వాళ్ళది. మధ్యమధ్యలో పందెం పెంచొచ్చు, వదిలేయొచ్చు, ఉన్నదంతా తోసేయొచ్చు."

"వదిలేయొచ్చా? అయితే డ్రాప్ ఉందన్నమాట."

"ఫోల్డ్ అంటారు. బాగా ఆడేవాళ్ళు పది ఆటల్లో ఏడెనిమిది మొదట్లోనే వదిలేస్తారు."

బాబాయి చాలాసేపు తల ఊపాడు. "రమ్మీలో ముక్కలు చూడగానే డ్రాప్ కొడితే పోయేది 20 పాయింట్లు. ఏదో ఒకటి పడకపోతుందా అని మొండికేసి కూర్చుంటే 80. నేను పోగొట్టుకున్నదంతా ఆ మధ్యలో ఉన్న అరవైలోనే పోయింది" అన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. ముక్క పడకపోతే కుర్చీ మార్చమని, కుదరకపోతే కింద చేతిరుమాలు వేసుకుని కూర్చోమని కూడా చెప్పాడు. టోర్నీలో కుర్చీ చీటీ తీసి ఇస్తారు, మారడానికి లేదు అన్నాను. చేతిరుమాలు అయినా తీసుకెళ్ళమన్నాడు.

పిన్ని అసలు భయం వేరు. "డబ్బులెంత కట్టావు?" పైసా కట్టలేదని నమ్మించడానికి చట్టం అంతా చెప్పాల్సి వచ్చింది. తెలంగాణలో డబ్బు పెట్టి పేకాట ఆడితే నేరం. 1974 నాటి గేమింగ్ చట్టంలో నైపుణ్యంతో ఆడే ఆటలకి మినహాయింపు ఉండేది, 2017లో ఆర్డినెన్సు తెచ్చి దాన్ని ఎత్తేశారు. తమాషా ఏంటంటే, రమ్మీలో నైపుణ్యమే ఎక్కువని సుప్రీంకోర్టు తేల్చింది ఈ ఊరి కేసులోనే. 1960ల్లో సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేస్తే ఆ కేసు ఢిల్లీ దాకా వెళ్ళింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి ఇది మూడు ముక్కలాటలాంటిది కాదన్నారు న్యాయమూర్తులు. దేశమంతా ఇప్పటికీ ఆ తీర్పునే చెప్పుకుంటారు, ఆ కేసు పుట్టిన ఊళ్ళో మాత్రం రమ్మీకి పదిరూపాయలు పెట్టడానికి లేదు. మా ఆంధ్రలో 2020లో ఆన్‌లైన్ పందెపు ఆటలు ఆపేశారు. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం తెచ్చి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. మలక్‌పేటలో గుర్రాల మీద మాత్రం దర్జాగా కాయొచ్చు. అదేం న్యాయమో గుర్రాలనే అడగాలి.

అందుకని ఈ టోర్నీకి ప్రవేశ రుసుము లేదు, బహుమతీ లేదు. డబ్బు రూపంలోనే కాదు, ఏ రూపంలో బహుమతి పెట్టినా చట్టం దృష్టిలో జూదమే కాబట్టి, నిర్వహించే ఆవిడ స్టీలు గిన్నె కూడా పెట్టనంది. డబ్బుతో ఆడాలనుకున్నవాళ్ళు గోవా పోయి మాండవి నదిలో పడవల మీద ఆడుకుంటారు. ఇక్కడికి వచ్చేవాళ్ళంతా ఎదురుగా మనుషుల్ని పెట్టుకుని ఆడాలన్న సరదాతోనే వస్తారు. ఫోన్లో ఆడితే ఎదుటిమనిషి ముక్కలు చూసుకున్నాక ఎందుకు దాహం వేసిందో తెలియదు కదా.

శనివారం

నల్లగండ్ల వైపు ఒక అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్. పక్క హాల్లో పిల్లలు షటిల్ ఆడుతున్నారు, బూట్ల కీచుశబ్దం రోజంతా వినిపిస్తూనే ఉంది. భోజనాల బల్లల మీద పచ్చ ఫెల్ట్ గుడ్డ బిగించి పోకర్ బల్లలు చేశారు. మనిషికి 20,000 చిప్స్, అంటే పందేనికి పెట్టే ఉత్త బిళ్ళలు. ఇరవై నిమిషాలకోసారి బ్లైండ్లు పెరుగుతాయి. బ్లైండ్లంటే ముక్కలు చూడకుండానే ఇద్దరు వరసగా పెట్టాల్సిన పందెం. ఊరికే కూర్చుంటే అవే మనల్ని తినేస్తాయి. అందుకే టోర్నీలో పూర్తి పిరికితనం కూడా పనికిరాదు.

నా బల్ల దగ్గర ఒక మత్తు డాక్టరమ్మ. ఎదుటివాళ్ళని నిద్రపుచ్చడం ఆవిడ వృత్తి, బల్ల దగ్గర కూడా అంతే, గంటసేపు మాట్లాడదు. పక్కన రిటైరైన బ్యాంకు మేనేజరు, అందరూ మేడం అనే పిలుస్తారు, వెంకటగిరి చీర, ముందు చిన్న పాకెట్ పుస్తకం. ఆ పక్కన కొంపల్లి నుంచి వచ్చిన టెస్టింగ్ ఇంజినీరు అమ్మాయి. ఎదురుగా సికింద్రాబాద్ అమ్మాయి, మోండా మార్కెట్ వెనక ఇల్లు. "మా ఇంట్ల పెండ్లిళ్ళల్ల మొగోళ్ళే పత్తాలు ఆడుతరు అక్కా. మేం చాయ్‌లు మోసుకుంట చూసి చూసి నేర్చుకున్నం" అంది. నేను నేర్చుకున్నదీ అలాగే, శివరాత్రి జాగారాల్లో.

మధ్యాహ్నం భోజనాలకి కాస్త ముందు నాకు రాజుల జంట పడింది. ఇస్పేటు రాజు, ఆఠీను రాజు. రెండు ముక్కల్లో వచ్చే రకాలు మొత్తం 169. అందులో దీనికంటే మంచిది ఆసుల జంట ఒక్కటే. నేను పెంచాను. డాక్టరమ్మ రెండు చిప్స్‌ని వేళ్ళ మధ్య కాసేపు దొర్లించి, దొంతరలన్నీ ఒకేసారి ముందుకి తోసింది. నేను కాల్ అన్నాను, అంటే అంత పందేనికీ నేనూ సిద్ధమని. ఇద్దరం ముక్కలు తిప్పాం. ఆవిడవి ఆసు, జాకీ.

ఈ స్థితిలో పదింట ఏడుసార్లు నేనే గెలవాలి. ఫ్లాప్‌లో 9, 5, 2 వచ్చాయి. నేను గెలిచే అవకాశం నూటికి ఎనభై దాటింది. టర్న్‌లో 7. ఇక కట్టలో మాకు కనిపించని ముక్కలు 44, వాటిలో నన్ను ముంచేవి మూడు ఆసులే. నూటికి ఏడు కూడా కాదు. డీలర్‌గా కూర్చున్న అమ్మాయి పద్ధతి ప్రకారం పై ముక్కని మూసి పక్కన పెట్టింది, తర్వాతిదాన్ని చూపుడువేలితో బల్ల అంచున కొద్దిగా లేపి తిప్పింది. కళావరు ఆసు. తెల్లటి ముక్క నడుమ ఒకే ఒక్క నల్ల పువ్వు.

అయ్యో అని ఎవరూ అనలేదు. అనకూడదన్నది ఇక్కడి పద్ధతి. "సారీ చెప్పనమ్మా, ఏమీ అనుకోకు" అంది డాక్టరమ్మ. చెప్పకపోవడమే మర్యాద. తోసేటప్పటికి ఆవిడ చేసింది తప్పేం కాదు, నాకు వచ్చిన ముక్కలు ఆవిడకి కనిపించవుగా.

నా దొంతర ఆవిడ దొంతర కంటే కాస్త పెద్దది కాబట్టి నేను బయటికి పోలేదు. పోయినా బాగుండేదనిపించింది ఆ క్షణాన. ఆవిడవి ఎన్నో లెక్కపెట్టి, అన్ని నా చేత్తోనే పేర్చి ఇవ్వాలి. వెయ్యి, రెండువేలు, మూడువేలు అంటూ ఎర్రవి, ఆకుపచ్చవి. వేళ్ళు వణకలేదు గానీ చెవులు వేడెక్కాయి. పంపకం అయ్యాక నా ముందు అరచేతిలో పట్టేటన్ని మిగిలాయి.

తర్వాత వచ్చే పది నిమిషాలే ప్రమాదం. దెబ్బతిన్న కోపంలో, ఏ ముక్క వచ్చినా సరే తేల్చుకుందాం అనిపిస్తుంది. దాన్ని టిల్ట్ అంటారు. బ్యాంకు మేడం నా వైపు చూడకుండానే, "లేచి నీళ్ళు తాగిరా. ఈ రెండాటల్లో నీకు బ్లైండు రాదు" అంది. ఓదార్పు మాటేం లేదు అందులో, ఉత్త లెక్క. వెళ్ళి ముఖం కడుక్కుని, షటిల్ కోర్టు దగ్గర కాసేపు నిలబడి వచ్చాను. దురదృష్టానికి నాకు తెలిసిన మందుల్లో ఇంతకంటే బాగా పనిచేసింది లేదు. లోతుగా ఊపిరి పీల్చమనేవాళ్ళున్నారు, నాకు దానివల్ల ఇంకా కోపం వస్తుంది.

ఇంకో లెక్క కూడా గుర్తు చేసుకుంటాను. ప్రతిసారీ నూటికి ఎనభై మన వైపే ఉన్నప్పుడు మాత్రమే అంతా పెట్టామనుకోండి. అలాంటివి నాలుగు వరసగా గెలవడం నూటికి 41 సార్లే కుదురుతుంది. అంటే ఎంత బాగా ఆడినా, ఆ నాలుగింట్లో ఎక్కడో ఒకచోట తన్నడమే మామూలు. ఈ లెక్క తెలిసినవాళ్ళకి కూడా కళావరు ఆసు పడ్డప్పుడు చెవులు వేడెక్కుతాయి, అది వేరే సంగతి.

పోకర్ వాళ్ళు చిప్స్ తక్కువైనప్పుడల్లా 1982ని తలుచుకుంటారు. ఆ ఏడు లాస్ వెగాస్ ప్రపంచ పోటీలో జాక్ స్ట్రాస్ అనే ఆయన ఒకే ఒక్క చిప్పు దాకా పడిపోయి, అక్కడి నుంచి లేచి టోర్నీ గెలిచాడు. నాకు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. సాయంత్రం నాలుగింటికి ఎనిమిదుల జంటతో అంతా తోశాను. టెస్టింగ్ అమ్మాయి రాణుల జంటతో కాల్ అంది. నాకు ఐదింట ఒక వంతు కూడా లేదు. టర్న్‌లో ఎనిమిది దిగింది. ఆ అమ్మాయి పెదవి కొరుక్కుని, లెక్కపెట్టి, పేర్చి ఇచ్చింది. రాత్రి ఆట ఆపేసరికి ఆఖరి బల్లకి చేరినవాళ్ళలో నేనూ ఉన్నాను.

భోజనాలు ఎవరింటినుంచి వాళ్ళు తెచ్చినవే. పులిహోర, మిర్చి కా సాలన్, పెరుగన్నం, పిన్ని ఇచ్చి పంపిన ఆవకాయ. తిన్నాక బల్ల మధ్యలోకి ఒక స్టీలు డబ్బా వచ్చింది. దాని పేరు ఏడుపు డబ్బా. తన దురదృష్టం కథ చెప్పదలుచుకున్నవాళ్ళు ముందు పది రూపాయలు వెయ్యాలి. చెప్పడం అయ్యాక, అదే రోజు తనకి అదృష్టం ఎక్కడ కలిసొచ్చిందో కూడా చెప్పాలి. గుర్తులేదంటే ఇంకో పది. పోగైనదంతా చాయ్ ఖర్చులకి. ఆటకి పైసా లేదు, ఏడుపుకి మాత్రం రేటు ఉంది.

నేను పది వేసి రాజుల కథ చెప్పి, వెంటనే ఎనిమిదుల కథ చెప్పాను. రెండో కథ చెబుతుంటే టెస్టింగ్ అమ్మాయి డబ్బాలో పది పడేసి, "అది నాది" అని లాక్కుని మిగతాది తనే చెప్పింది. ఒకే ఆట. అటువైపు నుంచి వింటే ఎంత ఘోరంగా ఉందో. డాక్టరమ్మ ఆసు గురించి ఏం చెబుతుందా అని చూశాం. "నాకు ఏడవడానికేం లేదు, రూపాయి కూడా వెయ్యను" అని ఆవులించింది.

బ్యాంకు మేడం మాత్రం వేరేవాళ్ళ కథ చెప్పింది. లాస్ వెగాస్ ప్రధాన పోటీలో ఆఖరి బల్లకి చేరిన మొదటి ఆడమనిషి బార్బరా ఎన్‌రైట్, 1995లో. ఎనిమిదుల జంటతో అంతా తోసింది. ఎదుటాయన ఆరు, మూడు పట్టుకుని కాల్ అన్నాడు. ఆరు, మూడు! బాబాయి కూడా డ్రాప్ కొట్టే ముక్కలవి. బల్ల మీద ఆ రెండూ దిగి ఆయనకి రెండు జంటలు కుదిరాయి, ఆవిడ ఐదో స్థానంలో వెళ్ళిపోయింది. మళ్ళీ ఒక ఆడమనిషి ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి 2025 దాకా పట్టింది. స్పెయిన్ నుంచి లియో మార్గెట్స్, ఏడో స్థానం. "ఆ ఆరు, మూడు పడకపోయుంటే ఎలా ఉండేదో" అంది మేడం. వేరేవాళ్ళ ఏడుపుకి కూడా పదేనా అని పెద్ద వాదన నడిచింది. ఐదుకి రాజీ కుదిరింది.

మాటల్లో మాట, ఆడవాళ్ళకి వేరే టోర్నీ ఎందుకన్న ప్రశ్న వచ్చింది. ప్రతిసారీ వస్తుందట. వెగాస్‌లో 1977 నుంచీ ఆడవాళ్ళ పోటీ ఉంది. మధ్యలో కొందరు మగవాళ్ళు వెటకారానికి వచ్చి కూర్చునేవాళ్ళు. రావొద్దని అనడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని 2013లో రుసుము పదివేల డాలర్లు చేసి, ఆడవాళ్ళకి తొమ్మిదివేలు తగ్గింపు ఇచ్చారు. వెటకారానికి పదివేలు పెట్టేవాళ్ళు తగ్గిపోయారు. మన నికితా లూథర్ 2018లో అక్కడ విజేతలకిచ్చే బ్రేస్‌లెట్ గెలిచింది ఆడవాళ్ళ పోటీలో కాదు, అందరూ ఆడే జట్టు పోటీలో. కాబట్టి ఆడవాళ్ళకి ఆట రాదని కాదు ఈ వేరే బల్ల. నా మటుకు నాకు కారణం చిన్నది. మగవాళ్ళున్న బల్ల దగ్గర నేను ఓడిపోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు అది ఎలా ఆడాల్సిందో చెబుతారు. దురదృష్టాన్ని మింగొచ్చు, పాఠాన్ని మింగడం కష్టం.

ఆదివారం

లష్కర్ బోనాలు, అంటే సికింద్రాబాద్ మహంకాళికి బోనాలెత్తే రోజు. అక్కడ పొద్దున్నుంచీ ట్రాఫిక్ మళ్ళింపులు. ఆట మొదలయ్యే వేళకి సికింద్రాబాద్ అమ్మాయి కుర్చీ ఖాళీ. మనిషి లేకపోయినా ఆట ఆగదు. ఆమె వంతు వచ్చినప్పుడల్లా డీలర్ ఆమె దొంతరలోంచే బ్లైండ్లు తీసి మధ్యలో పెడుతుంది, ముక్కలు పంచుతుంది, వెంటనే వెనక్కి తీసేస్తుంది. అక్కడ ఆమె బోనం ఎత్తుకుని క్యూలో నిలబడితే, ఇక్కడ చిప్స్ కరిగిపోతున్నాయి. చూస్తుంటే మాకే మనసొప్పలేదు గానీ నియమం నియమమే.

పదకొండు దాటాక వచ్చింది, పాదాలకి పసుపు ఆరకుండానే. "లైన్ల గంటలకొద్ది నిలవడ్డ అక్కా" అంటూ కూర్చుంది. తన దొంతర చూసి ఒక్కసారి కళ్ళు పెద్దవి చేసింది, అంతే. ఎక్కడికి పోయాయని కూడా అడగలేదు. అమ్మవారి దయవల్ల ఇప్పుడు ఆసులు పడతాయిలే అంది ఎవరో. "అమ్మవారికి పత్తాలతోని ఏం పని?" అంది సీరియస్‌గా. ఆ తర్వాత గంటలో చిన్నచిన్నగా మూడింతలు చేసుకుంది.

నా వంతు భోజనాల తర్వాత వచ్చింది. నాకు ఇస్పేటు ఆసు, డైమను రాణి. ఫ్లాప్‌లో కళావరు ఆసు, ఆఠీను రాణి, ఆఠీను 4. రెండు పెద్ద జంటలు. అంతా తోశాను. నా కంటే ఎక్కువ చిప్స్ ఉన్న కూకట్‌పల్లి ఆంటీ చాలాసేపు ఆలోచించి కాల్ అంది. ఆఠీను 10, ఆఠీను 9. ఇంకొక్క ఆఠీను పడితే ఐదూ ఆఠీన్లే, అది నా రెండు జంటల కంటే పెద్దది. కట్టలో ఇంకా తొమ్మిది ఆఠీన్లున్నాయి. టర్న్ కళావరు 3. రివర్ ఆఠీను 2.

నిన్నటిదానికీ దీనికీ తేడా ఉంది. ఫ్లాప్ దగ్గర ఆవిడకి సుమారు మూడోవంతు అవకాశం ఉంది. మూడుసార్లలో ఒకసారి జరిగేదాన్ని దురదృష్టం అంటే, ఇక ఆ మాటకి విలువ ఉండదు. ఏడుపు డబ్బాలో దీనికి డబ్బులు వేసినా ఎవరూ వినరు. చెవులు కూడా వేడెక్కలేదు. లేచి, బల్ల చుట్టూ అందరికీ చెయ్యి కలిపి, టీ కోసం బయటికి వెళ్ళాను.

వెళ్ళానో లేదో పిలిచారు. పొద్దున్నుంచీ పంచుతున్న అమ్మాయి వేళ్ళు నొప్పంటోంది, ఓడినవాళ్ళలో ఎవరైనా డీలర్‌గా కూర్చోవాలి. నాకు పంచడం ఇష్టమే. కట్టని రెండుగా విడగొట్టి, మూలలు కొద్దిగా లేపి, ఒకదాంట్లోకి ఒకటి దూర్చి రెండుసార్లు కలపాలి. మధ్యలోంచి గుత్తులు గుత్తులుగా లాగి పైన పెట్టాలి, మళ్ళీ ఒకసారి దూర్చాలి, కత్తిరించాలి. కింది ముక్క ఎవరికీ కనిపించకూడదు. ఇంత చేశాక, పై నుంచి నాలుగో ముక్క ఏమిటో నాకు తెలియదు, తెలుసుకోవాలని లేదు కూడా.

ముగ్గురు మిగిలారు. బ్యాంకు మేడం, డాక్టరమ్మ, సికింద్రాబాద్ అమ్మాయి. కూకట్‌పల్లి ఆంటీ నా చిప్స్ అన్నీ డాక్టరమ్మకే సమర్పించుకుని వెళ్ళిపోయింది. మేడం దగ్గర మరీ ఎక్కువ లేవు. ఆసు, రాజు చూసుకుని అంతా తోసింది. అమ్మాయి ఆసు, ఐదుతో కాల్ అంది. నేను తెరిచాను. జాకీ, 8, 3. తర్వాత 10. కట్టలో కనిపించనివి 44, అమ్మాయిని కాపాడేవి మూడు ఐదులు. నిన్న నా విషయంలో ఉన్న అంకెలే. పై ముక్కని పక్కన పెట్టి, తర్వాతిది తిప్పాను. డైమను 5.

నా చేత్తో తిప్పాను. నిన్న కళావరు ఆసు తిప్పిన అమ్మాయి ముఖం నాకు అసలు గుర్తు లేదని అప్పుడు తట్టింది. మేడం మాత్రం నా ముఖం చూసి నవ్వింది. "డీలర్ని మార్చండి, ఈ పిల్ల చెయ్యి మంచిది కాదు" అన్నారెవరో వెనకనుంచి సరదాగా. మేడం పాకెట్ పుస్తకం తీసి ఏదో రాసుకుంది. ఏం రాశారని తర్వాత అడిగితే చూపించింది. ఎన్ని చిప్స్ ఉండగా, ఏ ముక్కలతో, ఎవరి మీద, ఎందుకు తోసిందో నాలుగు మాటలు. వచ్చిన ఐదు గురించి ఏమీ లేదు. "గెలిచిందీ ఓడిందీ రాయను. అవి ఎలాగూ గుర్తుంటాయి" అంది.

డాక్టరమ్మ పావుగంటలో ఆట ముగించేసింది. గెలిచినందుకు చప్పట్లు, ఒక ఫోటో. గిన్నె కూడా లేదు.

సోమవారం

రంగం చూద్దాం రమ్మని సికింద్రాబాద్ అమ్మాయి అందరినీ పిలిచింది. రాయదుర్గం నుంచి మెట్రో. పెద్దమ్మ గుడి, జూబ్లీహిల్స్ దాటి, అమీర్‌పేటలో కిక్కిరిసి, ప్యారడైజ్ వచ్చేసరికి పెట్టె నిండా పసుపు, వేప వాసన. సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగి జనంతో పాటే నడిచాం.

1813లో జంటనగరాల్లో మహమ్మారి చెలరేగినప్పుడు, సైనిక దళంతో ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య అనే డోలీ బేరర్, తన ఊరు చల్లగా ఉంటే మహంకాళిని తీసుకెళ్ళి నిలుపుతానని మొక్కుకున్నాడట. రెండేళ్ళకి తిరిగొచ్చి ఇక్కడ ప్రతిష్ఠించాడు. అప్పటి కంటోన్మెంటు కాబట్టి లష్కర్ అన్న పేరు. బోనాల మర్నాడు మాతంగి అని పిలిచే ఆవిడ పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతుంది, అదే రంగం. మాకు గుడి లోపలికి దారి దొరకలేదు. మైకులో విన్నాం. వానల గురించి చెప్పింది, మొక్కులు సరిగా తీర్చలేదని కోపగించుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు లెంపలు వేసుకుంటున్నారు. టెస్టింగ్ అమ్మాయి నా చెవిలో, "ముందే తెలిస్తే పోకర్ ఎవరాడతారు?" అంది. దానికి బ్యాంకు మేడం ఆమె మోచెయ్యి గిల్లింది. మేడంకి భక్తి ఎక్కువ. లెక్కలు లెక్కలే, అమ్మవారు అమ్మవారే ఆవిడకి.

అంబారీ ఊరేగింపు చూశాక, ప్యారడైజ్ వైపు ఒక ఇరానీ హోటల్లో రెండు బల్లలు కలిపి కూర్చున్నాం. ఏడుపు డబ్బా తెరిచి నాణేలు, నోట్లు మార్బుల్ బల్ల మీద కుమ్మరించారు. చాయ్‌లకీ, ఉస్మానియా బిస్కెట్లకీ, ఇంకో దఫా చాయ్‌లకీ సరిపోయాయి. ఇక అక్కడి నుంచి ఆసు, ఐదు గురించే గొడవ. అలాంటి ముక్కలతో కాల్ అనొచ్చా అని టెస్టింగ్ అమ్మాయి పట్టుబట్టింది. "అక్కా, ముగ్గురమే ఉన్నం. మేడం కాడ ఏడు బ్లైండ్లే ఉండె. ఏ ఆసైనా పెద్దదే గద" అంది సికింద్రాబాద్ అమ్మాయి. మేడం కూడా ఆమె వైపే మాట్లాడింది, తనని బయటికి పంపిన ఆటని సమర్థిస్తూ. "నేను దాని స్థానంలో ఉంటే నేనూ కాల్ అనేదాన్ని. నేను తోయాల్సిందే, అది అనాల్సిందే."

"మరి మీకు కోపం రాలేదా మేడం?" అన్నాను.

"ఎందుకు రాలేదు? రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టలేదు" అని డబ్బాలో పది రూపాయలు వేసింది.

గౌతమికి ఇంకా చాలా టైముంది. డాక్టరమ్మ ఫోన్ చూసుకుని, ఆపరేషన్ థియేటర్‌కి టైమైందని లేచింది. లేస్తూ పర్సులోంచి యాభై నోటు తీసి డబ్బాలో పడేసింది. గెలిచినదానివి నీకేం ఏడుపని అందరం అరిచాం.

"అడ్వాన్సు" అంది. "వచ్చేసారి మీ ముక్కలు నాకొస్తాయి."